అమ్మ ఘటం ఎత్తని ఏడు

2022లో కొత్తమ్మ తల్లి జాతరకి మా అమ్మ ఘటం ఎత్తలేదు.

మాది కోటబొమ్మాళి మండలంలో ఒక ఊరి చివర మాలపేట. నాకు ఊహ తెలిసినప్పట్నుంచి జాతర వొచ్చిందంటే మా వీధి ఆడవాళ్ళలో ముందు నడిచేది మా అమ్మే. జొరంతో ఎత్తింది. 2018లో తిత్లీ తుపానుకి ఇంటి కప్పు ఎగిరిపోయిన మరుసటేడు అప్పు చేసి మరీ ఎత్తింది. అలాంటి మనిషి ఆ ఏడు "నడుం నొప్పిగుంది, మీరెల్లండి" అని అరుగు మీద కూచుండిపోయింది.

నడుం నొప్పికి ఆగే మనిషి కాదు. నేను పెరట్లోకి వెళ్ళి చూసేను. దడి చాటున, ఎవరికీ కనపడని చోట, పాతచీర ముక్కలు ఆరేసి ఉన్నాయి. ఎంత ఉతికినా మరక పోలేదు. ఇంట్లో అప్పుడు ముట్టయ్యే ఆడది ఎవరూ లేరు. వదిన పురిటికి పుట్టింటికెళ్ళింది.

"అమా, ఇవెవరివి?"

అమ్మ చాలాసేపు మాటాడలేదు. "ఎండాకాలం నుంచి అవుతంది పాపా. ఆగిపోయి పన్నెండేళ్ళయింది. మళ్ళీ వొచ్చీసింది. మైలతోటి తల్లి దగ్గిరకి ఎలాగెల్తాను?" అంది.

రోగం వొచ్చిందని అనుకోలేదు. తప్పు చేసినట్టు తల దించుకుంది.

నేను బయాలజీ టీచర్ని. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో పురుగుల పప్పు తిని చదివేను. టెక్కలిలో బి.ఎస్సీ., తర్వాత బి.ఇడి., 2014 డీఎస్సీలో ఉద్యోగం. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం ఏటా చెబుతాను. చెబుతానంటే, గర్భాశయం బొమ్మ బోర్డు మీద గీసి, భాగాల పేర్లు రాసి, మగపిల్లలు కిసకిసలాడేలోగా "మిగతాది ఇంటికాడ చదువుకోండి" అని పక్క పాఠంలోకి దూకేసేదాన్ని. ఆరోజు అమ్మతో నేనన్న మాట కూడా అలాంటిదే. "వయసులో హార్మోన్లు తేడా చేస్తాయమా, తగ్గిపోద్దిలే" అన్నాను. ముట్లు ఆగిపోయి ఏడాది దాటిన ఆడదానికి ఒక్క బొట్టు రక్తం కనపడినా వెంటనే చూపించాలని ఈ టీచరుకి తెలీదు. కాబట్టి ఇందులో మొదటి ముద్దాయిని నేనే. ఆ తర్వాతే మిగతావాళ్ళు.

మా అమ్మమ్మ మంత్రసాని. ఉద్దానంలో వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊరు. ఆ ఊరి పెద్ద వీధి పిల్లల్లో సగంమంది ఆవిడ చేతుల్లోనే భూమ్మీద పడ్డారు. పెరటి గుమ్మంలోంచి పిలిచేవారు, పెరటి గుమ్మంలోంచే పంపేసేవారు. బొడ్డుకోసిన చేతుల్లోకి పైనుంచి జారవిడిచి బియ్యం పోసేవారు. ఆవిడ గడప దాటగానే గది కడిగి పసుపునీళ్ళు జల్లేవారు. వాళ్ళ కడుపులో చెయ్యి పెట్టొచ్చు గాని వాళ్ళ కుండలో పెట్టకూడదు. ఈ సంగతి అమ్మ నాకు నవ్వుతా చెప్పేది. ఆ మంత్రసాని కూతుర్ని ముట్టుకుని చూడ్డానికి ఏడు నెలలపాటు ఒక్క డాక్టరుకీ చెయ్యి రాలేదు.

ముందు మా ఊరి ఆరెంపీ. "ఒంట్లో వేడి చేసింది, మజ్జిగ తాగమ్మా" అని ఒక సూది పొడిచి, రక్తం కట్టడానికి బిళ్ళలిచ్చేడు. అతన్ని నేను పెద్దగా తిట్టలేను. రాత్రి రెండు గంటలకి పిలిస్తే మా పేటలోకి వొచ్చేది అతనొక్కడే. బిళ్ళలు వేసుకున్నన్నాళ్ళు తగ్గింది, మానేస్తే మళ్ళీ మొదలైంది.

తర్వాత పక్క టౌన్లో ఒక ప్రైవేటు క్లినిక్కి తీసుకెళ్ళేను. ఆ డాక్టరు కులం అడగలేదు. ఏ ఊరు అన్నాడు. తర్వాత ఏ వీధి అన్నాడు. మాకు ఆ రెండో ప్రశ్న చాలు. పుట్టిల్లు ఎక్కడని అడిగేడు. ఉద్దానం అని చెప్పగానే ఆయనకి రోగం తెలిసిపోయింది. క్రియాటినిన్ పరీక్ష రాసేడు.

ఇక్కడ ఉద్దానం గురించి ఒక మాట చెప్పాలి. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి పల్లెల్లో కిడ్నీ జబ్బు ఇంటింటినీ తినేసింది. ఎందుకొస్తోందో తేల్చడానికి ఎందరో వొచ్చి నీళ్ళు, మట్టి, రక్తం పట్టుకెళ్ళేరు. ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు. జనం ఏళ్ళ తరబడి కొట్లాడితే 2023 డిసెంబర్లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి తెరిచేరు. దాని విలువ మాకు తెలుసు. కాని ఉద్దానం మనిషికి కిడ్నీ తప్ప ఇంకో అవయవం ఉందని కొందరు డాక్టర్లు మర్చిపోయేరు. అమ్మ "ఒంటేలుకి కాదు బాబూ, ఆడతనం నుంచి అవుతంది" అని రెండుసార్లు చెప్పింది. ఆయన రాస్తూనే ఉన్నాడు. రిపోర్టు బాగానే వొచ్చింది. "నీ కిడ్నీలకేం ఢోకా లేదే ముసలమ్మా" అన్నాడు. అమ్మ సంబరపడింది. నాకు మూడు వేలయింది.

డిసెంబర్లో ఒక ప్రభుత్వాస్పత్రికి వెళ్ళేం. దాని పేరు రాయను. పేరు రాస్తే తక్కినవన్నీ మంచివని మీరనుకుంటారు. మూడు గంటలు వరసలో నిలబడ్డాం. డాక్టరమ్మ వెనకాల పరీక్ష చేసే బల్ల ఉంది, బల్లకి ఆకుపచ్చ తెర ఉంది. మా ముందు వెళ్ళిన ఇద్దరికి ఆ తెర జరిగింది. మాకు జరగలేదు. "వయసైపోయేక లోపల పొర పల్చబడుతుంది, ఒక్కోసారి అలా కనపడుతుంది, ఏం కాదు" అంది. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. ముట్లాగేక రక్తం కనపడిన ఆడవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమందికి క్యాన్సర్ ఉండదు. కాని ఆ పదో మనిషి ఎవరో చూస్తేనే కదా తెలిసేది! నేను బతిమాలితే కడుపు మీద స్కానింగ్ రాసింది. పొర మందం 4 మిల్లీమీటర్లు, నార్మల్ అని వొచ్చింది. నాకు ఆ కాగితం మీద నమ్మకం కుదిరింది. అమ్మ ఒంటి మీద కన్నా కాగితం మీదే నాకు నమ్మకం. చదువుకున్నదాన్ని కదా.

ఇంటికొస్తే మా పిన్ని నవ్వింది. "నాకైతే మంచిదున్నా తీసీసినారు, మీ అమ్మకి సెడ్డదున్నా సూడ్డం నేదు" అంది. అప్పటికి అమ్మకి క్యాన్సరని ఎవరికీ తెలీదు. ఊరికే అన్న మాట. కాని ఆ మాట నన్ను ఇప్పటికీ వొదల్లేదు.

పిన్నికి ఇరవై ఎనిమిదో ఏట గర్భసంచి తీసేసేరు. తెల్లబట్ట అవుతోందని వెళ్తే ఒక నర్సింగ్ హోమ్‌లో "తీయకపోతే క్యాన్సరొస్తుంది" అన్నారు. ఇద్దరు పిల్లలున్నారు, ఆపరేషన్ కూడా అయిపోయింది, ఇంక సంచెందుకు అన్నారు. కార్డు ఉంది, డబ్బు కట్టక్కర్లేదు అన్నారు. పిన్ని వెనకే మా వీధిలో మరో నలుగురు వెళ్ళేరు. ముప్పై ఐదేళ్ళకే ఒళ్ళంతా ఆవిర్లు, కీళ్ళ నొప్పులు, కూలికి వొంగలేరు. ఇది మా వీధి గొడవే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురైతే, మన ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిదిమంది. దేశంలో మనమే ముందు. అనవసరంగా సంచులు తీసే ఈ యాపారం మీద 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి మార్గదర్శకాలు అమలు చెయ్యమని చెప్పించుకోవాల్సి వొచ్చింది.

మా పేటలో క్యాన్సర్ అనే మాట అంత తేలిగ్గా చెప్పిన వైద్యం, మా అమ్మ దగ్గిర ఆ మాటే ఎత్తలేదు. సంచి కోస్తే డబ్బులొస్తాయి. సంచిలోంచి ఒక ముక్క తీసి పరీక్షకి పంపితే ఏమొస్తుంది?

2023 మార్చిలో అమ్మ పలాసలో పడిపోయింది. అమ్మ పాసింజరెక్కి పలాస జీడిపిక్కల పనికి వెళ్ళేది. నా ఉద్యోగం వొచ్చేక మానెయ్యమన్నాను. "నీ జీతం నీ పిల్లలకి. నా సేతులాడినన్నాళ్ళు నా కూడు నేను తింటాను" అంది. పిక్కలు కోస్తూ కోస్తూనే కూలబడిపోయింది. కూచున్న గోనె తడిసిపోయింది. పక్కనున్న ఆడవాళ్ళే ఆటోలో వేసుకొచ్చేరు. ఆ సాయంత్రమే విశాఖ రైలెక్కించేను.

విశాఖలో ఒక పెద్దాస్పత్రి. అక్కడా వరసలే, అక్కడా కసుర్లే. స్ట్రెచర్ తోయడానికి వంద, తెచ్చిందానికి ఇంకో వంద. అయితే ఆ వార్డులో పీజీ చదివే ఒక పిల్ల ఉంది. పాతికేళ్ళు దాటినట్టు లేదు. వొచ్చి మంచం మీద అంచుకి కూచుని అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఎన్నాళ్ళనుంచి అమ్మా? ముట్లు ఎప్పుడాగిపోయాయి? గడ్డలు గడ్డలుగా పడుతోందా? నొప్పుందా?" అని వరసగా అడిగింది. అమ్మ చెప్పినంతసేపూ వింది. పదకొండు నెలల్లో మా అమ్మ కథ చివరిదాకా విన్న మొదటి డాక్టరు. లోపల ముక్క తీసి పంపింది. బయాప్సీ అంటే అంతే. ఆ గదిలోకి వెళ్ళి రావడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంట కోసం మేం ఏడు నెలలు తిరిగేం.

ఆ పిల్లెవరో నేను అడగలేదు. నాలుగో రోజున తనే "మాదీ పేటే అక్కా, విజయనగరం వైపు" అంది. రిజర్వేషన్ డాక్టర్ల చేతిలో పేషెంట్లు చచ్చిపోతారని స్టాఫ్ రూముల్లో అనే మాట నేను చాలాసార్లు విన్నాను. అనేవాళ్ళకి నేను చెప్పాల్సింది ఈ పేరాలోనే ఉంది.

రిపోర్టు వొచ్చింది. గర్భాశయం లోపలి పొరకి క్యాన్సర్. అందులో సీరస్ అనే రకం. మామూలుగా ఈ క్యాన్సర్ లావుపాటివాళ్ళకి, సుగరూ బీపీ ఉన్నవాళ్ళకి ఎక్కువొస్తుంది, నెమ్మదిగా పాకుతుంది, రక్తం కనపడగానే పట్టుకుంటే చాలామంది బతుకుతారు. సీరస్ రకం అలా కాదు. బక్కపల్చటి ముసలమ్మలకీ వొస్తుంది. పొర పల్చగా ఉన్నప్పుడు కూడా లోపల దాక్కునుంటుంది, తొందరగా బయటికి పాకుతుంది. అంటే నా చేతిలో ఉన్న ఆ నార్మల్ కాగితానికి అర్థం లేదు. అమ్మకి మూడో దశ.

రొమ్ముకీ, గర్భాశయ ముఖద్వారానికీ ముందుగా పరీక్షలున్నాయి. ఈ క్యాన్సర్‌కి మామూలు ఆడవాళ్ళకి ముందుగా చేసే పరీక్ష అంటూ లేదు. రక్తమే దాని పరీక్ష. ఆడమనిషి నోరు తెరిచి చెప్పడమే దాని రిపోర్టు. ఆ రిపోర్టుని మా అమ్మ ముగ్గురికి ఇచ్చింది. నాతో కలిపి నలుగురికి.

ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో జరిగింది. 2024 నుంచి దాన్ని ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. ఆ పథకం లేకపోతే నా జీతం, పీఎఫ్ అన్నీ అమ్మినా సరిపోయేవి కావు, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే ఆ కార్డు పని చెయ్యాలంటే వేలిముద్ర పడాలి. మా అమ్మకి వేలిముద్రలు లేవు. ముప్పై ఏళ్ళు జీడిపిక్కల సొన తగిలి తగిలి వేళ్ళ కొసలు నల్లగా కాలిపోయి, తోలు లేచి లేచి నున్నగా అయిపోయాయి. కౌంటర్లో కుర్రాడు పది వేళ్ళూ పెట్టించేడు. తుడిచి పెట్టమన్నాడు, నూనె రాసి పెట్టమన్నాడు. "ఏం చేసేవే నీ వేళ్ళని?" అని కసిరేడు. మనం పండక్కి పాయసంలో వేసుకునే జీడిపప్పుని అడగాల్సిన ప్రశ్న అది. చివరికి కంటిపాపతో పడింది. అప్పటికి ఒక రోజు పోయింది.

నేను టీచర్నని తెలిసేక మాటలు మారేయి. నన్ను "మేడమ్, మీరు" అనేవారు. అదే నోటితో అమ్మని "జరుగు, లెగు" అనేవారు. ఒకే మంచం దగ్గిర రెండు వ్యాకరణాలు.

ఆపరేషన్, తర్వాత ఆరు కీమోలు, తర్వాత రేడియేషన్. జుట్టు రాలిపోయింది. అమ్మది పెద్ద జుట్టు. దువ్వెనకి వొచ్చిన వెంట్రుకలు ఉండచుట్టి సవరాలవాడికి ఇస్తానని దాచింది. రేడియేషన్‌కి వెళ్తే సంచిలో చాప, చెంబు, అంబలికి చోడిపిండి పట్టుకెళ్ళేవాళ్ళం. అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి వొచ్చేక ఉత్తరాంధ్ర జనానికి హైదరాబాదు, బొంబాయి తిరగడం తగ్గింది గాని, కోటబొమ్మాళి నుంచి చూస్తే విశాఖ కూడా దూరమే. రోజూ రైలు పడక అద్దె గదిలో ఉన్నాం. వైద్యం ఉచితమే. మిగతాదంతా డబ్బే.

ఆ గదిలో అమ్మ నిద్రపోయేక నేను ఫోన్లో ఈ రోగం గురించి ఇంగ్లీషులో దొరికిందల్లా కూడబలుక్కుని చదివేదాన్ని. అలా చదువుతుంటే అమెరికాలో నల్లజాతి ఆడవాళ్ళు ఎదురయ్యేరు. అక్కడ ఈ గర్భాశయ క్యాన్సర్‌తో తెల్లవాళ్ళ కన్నా నల్లవాళ్ళు దాదాపు రెండింతలు ఎక్కువగా చచ్చిపోతున్నారు. ఈ సీరస్ లాంటి మొండి రకాలు వాళ్ళకే ఎక్కువ. అది ఒక్కటే కారణం కాదు. రక్తం అవుతోందని చెప్తే ఫైబ్రాయిడ్స్ అని, వయసని పంపేస్తున్నారు. సియాటిల్‌లో కెమీ డాల్ అని ఒక నల్లజాతి క్యాన్సర్ డాక్టరమ్మ ఉంది. ఆ రోగం వొచ్చిన నల్ల ఆడవాళ్ళని కూడగట్టి సంఘం పెట్టింది. ఆవిడా, ఆవిడతోటివాళ్ళూ చేసిన పరిశోధన 2024లో జామా ఆంకాలజీ పత్రికలో వొచ్చింది. స్కానింగ్‌లో పొర నాలుగు మిల్లీమీటర్ల కన్నా పల్చగా ఉంటే భయం లేదని డాక్టర్లు పెట్టుకున్న గీటు, నల్ల ఆడవాళ్ళ విషయంలో క్యాన్సర్ ఉన్న పదిమందిలో దాదాపు ఒకరిని వొదిలేస్తోందని తేల్చేరు. రక్తం అవుతోందంటే గీటు చూడొద్దు, ముక్క తీసి చూడమన్నారు.

నాలుగు మిల్లీమీటర్లు! ఆ అంకె చూసి నేను లేచి కూచున్నాను. ఎక్కడి సియాటిల్, ఎక్కడి మా మాలపేట. కొలబద్ద మాత్రం ఒకటే.

ఇంకో సంగతీ తెలిసింది. ఆడవాళ్ళని లోపల పరీక్ష చెయ్యడానికి వాడే వంపు తిరిగిన సాధనాన్ని మన డాక్టర్లు సిమ్స్ స్పెక్యులమ్ అంటారు. ఆ సిమ్స్ అనేవాడు అమెరికాలో అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీలో 1845 నుంచి 1849 దాకా నల్ల బానిస ఆడవాళ్ళ మీద మత్తు ఇవ్వకుండా ఆపరేషన్లు చేసి నేర్చుకున్నాడు. అనార్కా, బెట్సీ, లూసీ అనే ముగ్గురి పేర్లే మనకి మిగిలేయి. ఒక్క అనార్కాకే ముప్పై దాకా ఆపరేషన్లు చేసేడు. అతన్ని స్త్రీ వైద్య పితామహుడన్నారు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం పెట్టేరు. 2018లో ఆ విగ్రహాన్ని తీసేసేరు. అమ్మకి ముక్క తీసిన రోజు ట్రేలో ఆ సాధనాన్ని నేను చూసేను. అప్పుడు దాని పేరు తెలీదు.

ఒకరోజు అమ్మకి అనార్కా కథ చెప్పేను. అంతా విని, "ఆ పిల్లకి అమ్మ నేదా?" అంది. నా దగ్గిర జవాబు లేదు. కాసేపాగి, "మా అమ్మ అయితే సెయ్యి పెట్టే ముందు గోరెచ్చని నీళ్ళతో సేతులు కడుక్కుని, ఆముదం రాసుకుని, నొప్పెడతందా తల్లీ అని అడిగీది" అంది.

రోగం ఒక ఏడాది ఊరుకుంది. తర్వాత కడుపులో నీరు చేరింది. 2025 ఫిబ్రవరిలో అమ్మ పోయింది. అరవై రెండేళ్ళు. మొదటి రోజునే ముక్క తీసి ఉంటే బతికేదా అని నేను విశాఖ పిల్లని అడిగేను. మొండి రకం అక్కా, చెప్పలేం, కాని దశ తక్కువుండేది అంది. అబద్ధం చెప్పి ఓదార్చనందుకు ఆ పిల్లంటే నాకు ఇంకా గౌరవం.

ఈ ఏడు ప్రత్యుత్పత్తి పాఠం రెండు పీరియడ్లు చెప్పేను. మగపిల్లలు నవ్వేరు. నవ్వనిచ్చేను. ఐదు నిమిషాలకి వాళ్ళే ఆగిపోయేరు. పుస్తకంలో లేని వాక్యం ఒకటి బోర్డు మీద రాసేను: ముట్లు పూర్తిగా ఆగిపోయిన తర్వాత రక్తం కనపడితే అది మైల కాదు, వెంటనే డాక్టరుకి చూపించాలి. రాసుకుని ఇంట్లో ఆడవాళ్ళకి చదివి వినిపించమన్నాను. నోట్సు మీద సంతకం పెట్టించుకు రమ్మన్నాను. వేలిముద్రయినా సరే అన్నాను.

మర్నాడు రెండో బెంచీ పిల్ల బెల్లయ్యేక ఆగిపోయింది. రెల్లి వీధి పిల్ల. "టీచర్, మా మామ్మ సంతకం పెట్టనేదు. ఏడిసింది" అంది.

ఎన్నాళ్ళనుంచి అని అడిగేను. దసరా నుంచంట.

శనివారం ముగ్గురం టెక్కలి బస్సెక్కేం. ముసలమ్మ కిటికీ పక్కన కూచుని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆస్పత్రిలో తెర జరిగేదాకా నేను బల్ల దగ్గిర్నుంచి కదల్లేదు. ముక్క తీసి పంపుతామని చీటీ మీద రాయించుకున్నాకే లేచేను. రిపోర్టు వొచ్చే వారం ఇస్తామన్నారు.